శౌరమ్మ ఒకటో వేలు

ఒకటో వేలు అంటే ఏది? ఇది కూడా ఒక ప్రశ్నేనా అని మీరు నవ్వచ్చు. బెజవాడ పటమటలో వయొలిన్ క్లాసు మేడ మెట్లెక్కే ప్రతి శనివారమూ శౌరమ్మకి ఈ ప్రశ్నతోనే తల ప్రాణం తోకకొస్తోంది.

శౌరమ్మది కంకిపాడు, యాభై తొమ్మిదేళ్ళు. బెజవాడలో ఒక పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసి మొన్నీమధ్యే మానేసింది. చిన్నప్పుడు కాన్వెంటు సిస్టర్ల బోర్డింగులో సంగీతం గది ఊడ్చే పని ఆమెది. వయొలిన్ పెట్టెల మీద దుమ్ము తుడవచ్చు, మూత మాత్రం తీయకూడదు. ఆ కోరిక లోపల అట్లాగే ఉండిపోయింది. పని మానేసిన నెలలోనే సొంతంగా ఒకటి కొనుక్కుంది. "ఈ వయసులో ఇదేం పిచ్చమ్మా?" అని కూతురు డయానా అంటే, "నీకు నచ్చకపోతే చెవుల్లో దూది పెట్టుకో" అంది.

మాస్టారు జయంత్ కుర్రాడే అయినా ఓపికున్నవాడు. సరిగమల్లా మెట్టుమెట్టుగా పైకెక్కే స్కేలుకి కాగితం మీద అంకెలు రాసిచ్చాడు. సున్నా, ఒకటి, రెండు, మూడు. పక్క తీగ మీద మళ్ళీ సున్నా, ఒకటి, రెండు, మూడు. అంతే. సున్నా అంటే ఏ వేలూ పెట్టని ఉత్తి తీగ. ఒకటంటే చూపుడు వేలు, ఆ తర్వాత నడిమి వేలు, ఉంగరం వేలు. బొటనవేలికి అసలు నంబరే లేదు. చిటికెన వేలు నాలుగోది, దానికి ఈ స్కేల్లో పనే లేదు.

అడిగితే శౌరమ్మ ఇదంతా గడగడా అప్పజెప్పేది. తీరా కమాను పట్టుకున్నాక కాగితం మీద ఒకటి కనబడితే చాలు, ఏ పనీ లేని ఆ చిటికెన వేలు పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి తీగ మీద కూర్చునేది. మెల్లగా పైకెక్కాల్సిన స్వరం ఒక్క దూకులో మీదికెళ్ళి అక్కణ్ణుంచి కిందికి జారేది.

"ఆంటీ, ఒకటో వేలండీ, ఒకటో వేలు!"

"తెలుసు మాస్టారూ. తెలిసే తగలడ్డాను."

జయంత్ తీగల కింద స్టిక్కర్లు అంటించాడు. ఆమె గోళ్ళ మీద పెన్నుతో అంకెలు రాశాడు. గాడిద గుడ్డు! రెండుసార్లు పిల్లల బ్యాచ్‌లో మొదటి నుంచి కూర్చోబెట్టాడు. చివరికి అతనికీ విసుగొచ్చింది. "వచ్చే శనివారం తప్పు లేకుండా రెండుసార్లు వాయించాలండీ. లేకపోతే మళ్ళీ పిల్లల బ్యాచే" అనేశాడు. ఏడేళ్ళ పిల్లకాయలు కిసుక్కుమంటుంటే మూడోసారి వాళ్ళ మధ్య కూర్చోవడం శౌరమ్మ వల్ల కాదు. ఈసారి తప్పితే వయొలిన్ అటకెక్కాల్సిందేనని తేల్చుకుంది.

ఆ రోజు తిరుగు బస్సులో సీటు దొరకలేదు. కుడిచేత్తో కడ్డీ పట్టుకుని, ఎడమ చేతి వేళ్ళ కణుపుల మీద మరియమ్మ జపమాల లెక్కపెట్టుకోవడం మొదలెట్టింది. డ్యూటీకి వెళ్తూ వస్తూ ముప్పై ఏళ్ళు ఆమె ప్రార్థన ఇట్లా నిలబడే సాగింది. కానూరు దాటాక ఎందుకో చూపు చేతి మీద పడింది. మొదటి జపానికి బొటనవేలు తిన్నగా వెళ్ళి చిటికెన వేలి మీద వాలింది. దాని కణుపులయ్యాకే ఉంగరం వేలు, ఆ తర్వాత నడిమి వేలు. మన ఇళ్ళల్లో వేళ్ళ మీద ఎవరు లెక్కపెట్టినా చిటికెన వేలి నుంచేగా!

"ఓసి దొంగమొహమా, నువ్వా!" అని పైకే అనేసింది. పక్కన నిలబడ్డ కాలేజీ అమ్మాయి బిత్తరపోయి బ్యాగు దగ్గరికి లాక్కుంది.

రోగం తెలిసింది, సరే. మందేదీ? ఇంట్లో పూసల జపమాల కుడిచేత్తో పట్టుకుని చూసింది. నోట్లో మాట కదిలితే చాలు, ఎడమ చేతి చిటికెన వేలు దానంతటదే వంగుతోంది. పొద్దున కుదిరిన స్కేలు సాయంత్రం జపం కాగానే మళ్ళీ మొదటికొస్తోంది. ఒళ్ళు మండిపోయి, మంగళవారం ఆ జపమాల తీసి బీరువాలో పెట్టేసింది.

"ఏంటమ్మా, ప్రార్థన చెయ్యట్లేదు?" అంది డయానా.

"నీ పని నువ్వు చూసుకో."

కసిరిందే గానీ లోపల సిగ్గేసింది, భయం కూడా వేసింది. ఇంత వయసొచ్చి దేవుడి దగ్గర ఇదేం పని అని తనని తనే తిట్టుకుంది. అయినా జపం చెప్పలేదు. స్కేలు వాయిస్తూనే ఉంది.

శనివారం వచ్చింది. శౌరమ్మ కాగితం వైపు చూడనేలేదు. సున్నా, ఒకటి, రెండు, మూడు. పక్క తీగ మీదా అంతే. చిటికెన వేలు కదిలితే ఒట్టు. రెండోసారీ ఒక్క తప్పూ రాలేదు.

"ఆఁ, పర్లేదు ఆంటీ. రెండో పుస్తకం తెచ్చుకోండి" అని జయంత్ తర్వాతి వాళ్ళ వైపు తిరిగాడు.

శౌరమ్మకి ఎక్కడలేని కోపం వచ్చింది. "పర్లేదా? ఇటు చూడండి మాస్టారూ. మా ఆయన పోయిన రోజు కూడా నేను జపమాల మానలేదు. దీనికోసం ఐదు రోజుల్నించి మానేశాను. పర్లేదు అంటే ఒప్పుకోను. బాగుందని చెప్పండి."

జయంత్ మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. "బాగుందండీ" అన్నాడు. "చాలా బాగుంది."

"మరి!" అంది. వయొలిన్ చంకలో పెట్టుకుని అక్కడే నిలబడి, బొటనవేలు చిటికెన వేలి మీద ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఆంటీ, వీళ్ళు వాయించాలండీ..."

"ఉండండి మాస్టారూ. ఐదు రోజుల్నించి మరియమ్మ ఎదురుచూస్తోంది, మీరు ఐదు నిమిషాలు ఆగలేరా?"