నాయనమ్మ మెచ్చిన నాన్‌ఖటాయి

మా చిన్నప్పుడు నాంపల్లిలో ఇంటి బిస్కెట్లు కావాలంటే పిండి మనమే కలుపుకొని, పళ్ళెంలో సర్దుకొని, బేకరీ భట్టికి మోసుకుపోవాలి... కాల్చడం వాళ్ళ వంతు. పక్కన కూర్చుని కాపలా కాయడం మన వంతు. ఆ ఏడు క్రిస్మస్ సెలవుల్లో ఆ కాపలా నాకు పడింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఇంట్లో ఇంకెవరూ దొరకనట్టు!

సెలవులకు చిన్నాన్నలు, మేనత్తలు అందరూ మా కిరాయి ఇంట్లోనే దిగారు. ఊరి నుంచి నాయనమ్మ వచ్చింది. తాత పోయాక ఆమె గురువు దగ్గర తులసిమాల వేయించుకుని నీసు మానేసింది. గుడ్డు తగిలిన గిన్నెలో నీళ్ళు కూడా తాగేది కాదు. పైగా కోడలు పట్నం పిల్ల అని ఆమెకు మొదటి నుంచీ అనుమానం. అమ్మ ఏం వండినా ఒక వంక పెట్టకుండా ముద్ద మింగేది కాదు.

అట్లాంటి నాయనమ్మకు నాన్‌ఖటాయి బిస్కెట్లు తినిపిస్తానని అమ్మ పంతం పట్టింది.

"పిండి మనదే, నెయ్యి మనదే అత్తమ్మా. అగ్గి ఒక్కటే వాళ్లది" అంది అమ్మ.

నాయనమ్మ తులసిమాల సవరించుకుంది. "అగ్గికి అంటు లేదు గని... గాడ అందరి పళ్ళాలుంటయి. ఎవలన్న పక్కన కూసోవాలె."

"నా బిడ్డ కూసుంటది. కన్ను తియ్యది."

కంట్రోలు దుకాణంలో రేషన్ కార్డుకిచ్చే చక్కెర రెండు నెలలు మాకు కనపడకుండా దాచి, అమ్మ ఆ పిండి కలిపింది. పళ్ళెం నా చేతికిస్తూ, "నా ఇజ్జత్ నీ చేతుల పెడుతున్న" అంది...

భట్టి దగ్గర నా పక్కన ఒక టీచరమ్మ కూర్చుంది. పండుగకు ఆమె కూడా కాల్పించుకుంటోంది. "మావాట్ల గుడ్లు ఏసినం బిడ్డా, గందుకే గింత పచ్చగున్నయి" అని ముచ్చటగా చూపించింది. మావి తెల్లగా ఉన్నాయి. రంగు తప్ప రెండిటి ఆకారం ఒకటే. తీసుకుపోవడానికి ఇద్దరం తెచ్చుకున్నవీ ఒకే రకం వనస్పతి డబ్బాలు.

అంతలో మా వాడ పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చారు. ఆబిడ్స్‌లో ఒక దుకాణం అద్దాల వెనక తాళంచెవి తిప్పితే తిరిగే రైలు బొమ్మ పెట్టారట! ఒక్క చుట్టు చూసి వచ్చేస్తాననుకున్నాను. అది ఎన్ని చుట్లు తిరిగిందో, నేనెంతసేపు నోరు తెరుచుకుని నిలబడ్డానో... తిరిగొచ్చేసరికి టీచరమ్మ లేదు. భట్టి ఆయన ఒక డబ్బా నా చేతిలో పెట్టి "లేజా బేటా" అన్నాడు.

దారిలో మూత తీసి చూశాను. పచ్చగా ఉన్నాయి...

వెనక్కి పరుగెత్తి టీచరమ్మ ఇల్లెక్కడని అడిగాను. "నాకేం ఎరుక బేటా? రిక్షాల చాదర్‌ఘాట్ దిక్కు పోయింది" అన్నాడాయన.

ఇంటికొచ్చాక అమ్మ మూత తీసి, "భట్టిల కాలితే గింత పచ్చగైతయా?" అని ఆశ్చర్యపోయింది.

"ఔ" అన్నాను.

అమ్మ పరువు కోసం అబద్ధమాడానని ఇప్పుడు చెప్పుకుంటే బాగానే ఉంటుంది. కానీ నిజం చెప్తున్నాను, తన్నులకు భయపడే అన్నాను.

సాయంత్రం అందరూ చాపల మీద కూర్చున్నారు. శొంఠి, బెల్లం వేసి కాచిన పాలు ఇత్తడి గ్లాసుల్లో పొగలు కక్కుతున్నాయి. తలుపు గొళ్ళెం చప్పుడైతే చాలు, టీచరమ్మ మా డబ్బా పట్టుకుని వచ్చిందేమోనని తలుపు వైపే చూసేదాన్ని. నాయనమ్మ నాన్‌ఖటాయి చేతిలోకి తీసుకుని నా వైపు తిరిగింది.

"బిడ్డా, పక్కనే కూసున్నవా? కన్ను తియ్యలేదు గద?"

అమ్మ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

"తియ్యలేదు నాయనమ్మా..."

ఆమె పాలల్లో ముంచుకుని కొరికింది. నమిలింది. ఎవరూ గ్లాసు ఎత్తలేదు. నేను నేల చూపులు చూస్తున్నాను. ఇప్పుడు చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని లోపల కొట్టుకుంటూనే ఉంది...

"ఇంకోటియ్యి" అంది నాయనమ్మ. అట్లా మూడు తిన్నది. తిని, "కోడలా, నీ చేతిల అమృతమున్నదే!" అంది.

పెళ్ళయి పన్నెండేళ్ళకు అత్తగారి నోట అమ్మ విన్న మొదటి మంచి మాట అది. అమ్మ వంటింట్లోకి పోయింది. జరిగిందంతా చెప్పేద్దామని నేనూ వెనకే పోయాను. చూస్తే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది... సంతోషంతో. ఇంక ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మరుసటి ఏడు అమ్మ మళ్ళీ చేసింది. ఈసారి నేను కన్నార్పకుండా కాపలా కాశాను. నాయనమ్మ ఒకటి తిని, "మంచిగనే ఉన్నయి గని... పోయినేడు లెక్క లేవు" అంది. ఆ పై ఏడూ అదే మాట. అమ్మ నెయ్యి పెంచింది. మైదా కోసం బేగం బజార్ అంతా తిరిగింది. పిండిని గంటలకొద్దీ మర్దించింది. "ఆ ఏడు ఏం కలిపిన్నో యాదికొస్తలేదు" అని తనను తానే తిట్టుకునేది. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని.

నాయనమ్మ నియమం చెడగొట్టాను, అది పాపమే. అంతకన్నా నన్ను పీడించేది అమ్మ సంగతి. నాయనమ్మ పోయిన తర్వాత కూడా అమ్మ ఆ రుచిని వెతుకుతూనే ఉంది. చివరి రోజుల్లో మంచం మీద పడుకుని అడిగింది, "నీకన్న యాదున్నదా బిడ్డా, అండ్ల నేనేమేసిన్నో?" అని.

"లేదమ్మా" అన్నాను. అరవై దాటిన దాన్ని... అప్పుడు నన్ను తన్నేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

ఇప్పుడు భట్టికి పళ్ళెం మోసేవాళ్ళు లేరు, కాపలా పిల్లలూ లేరు. బిస్కెట్లు ఫోన్లో చెప్తే ఇంటికొస్తున్నాయి. మీకూ ఇట్లా గొంతులో ఉండిపోయిన చిన్నప్పటి మాటేదైనా ఉందా? ఉంటే ఇక్కడ రాయండి, చదువుతాను... కానీ వినాల్సిన మనిషి ఇంకా ఇంట్లోనే ఉంటే మాత్రం, ముందు లేచి పోయి ఆ మనిషికి చెప్పండి.