ఇంగ్లండు సంతలో బోధన్ పిలుపు

నిరుడు శ్రావణ మాసం చివరి శనివారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఇది జరిగింది. ఎండ కాస్తోంది. చీకటి లేదు, వాన లేదు, మేము ఒంటరిగా కూడా లేము. దయ్యం మాట అనగానే అందరూ అవే అడుగుతారు కనుక ముందే చెబుతున్నాను.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. చెరుకుతోటకు ఒక్కదాన్నే కాపలా పడుకున్న మనిషిని. పూనకం వచ్చినవాళ్లను చూసి నవ్విన మనిషిని. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, సొగసుగా రాయడం రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది నిజామాబాద్ జిల్లా, రుద్రూర్ దగ్గర. మా చెల్లెలి బిడ్డ సుజాత ఇంగ్లండులో నర్సు. చెల్లె పోయింది కనుక సుజాత పురుటికి తల్లి స్థానంలో నేను పోయాను. మా ఆయన తోడు వచ్చాడు. పాపకు మూడో నెల వచ్చాక, మేము తిరిగి వచ్చే ముందు, దగ్గరలో పాత సంత ఊరు ఒకటి ఉంది చూద్దురు రండని సుజాత తీసుకుపోయింది. ఆ ఊరి పేరు నాకు నోరు తిరగదు.

మా ఆయన నోరు ఊరకుండదు. చావింటికి పోయినా నలుగురిని నవ్వించి వస్తాడు. ఆ రోజు చర్చి చూశాము, వెనకట గుర్రపు బండ్లు దిగే సత్రం చూశాము.

"గింత దూరం తోల్కొచ్చి పాత గోడలు సూపెడ్తున్నవా బిడ్డా? మన నిజామాబాద్ ఖిల్లా ఏం పాపం జేసింది?" అన్నాడు.

"ఖిల్లా ఎన్నిసార్లు ఎక్కినవ్ పెద్దబాపు?" అంది సుజాత.

"ఒక్కసారి గూడ ఎక్కలే. ఇంటి పక్కన ఉన్నదాన్ని ఎవడు సూస్తడు?"

ఊరి నడుమ పాత సంతకొట్టం ఉంది. రాతి స్తంభాలు, వాటి మీద కర్ర మేడ, కింద అంతా ఖాళీ. వెన్న, గుడ్లు, ఉన్ని అక్కడ అమ్మేవారట. ఊరు చూపించే తెల్లాయన, మా ఈడువాడే, ఆయన భాషలో చెబుతుంటే సుజాత మాకు తెలుగులో చెప్పింది. సంత రోజు ఆ సందు పొడుగునా బండ్లు వరుస కట్టేవట. ముందుది తూకమై పోతే వెనకది జరిగేదట.

అది వినగానే మా ఆయన మొహం వెలిగింది. వయసులో చెరుకు బండి తోలినవాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు బండ్లు రాత్రంతా వరుసలో నిలబడేవి, తోలేవాళ్లు వాటి కిందే పడుకునేవారు. ముందు బండి కదిలితే వెనకవాడు పిలిచి లేపుతాడు. ఒక్క పిలుపుకే లేవాలి. లేవకపోతే వెనక బండి దాటిపోతుంది.

"మేం గూడ గిట్లనే నిలవడ్డమని జెప్పు బిడ్డా. మా ఎడ్లు వాళ్ల గుర్రాల కన్న మంచియని గూడ జెప్పు."

"ఏందయ్యా, నీ ఎడ్ల ముచ్చట ఈడ గూడనా?" అన్నాను.

అప్పుడు మా వెనక, స్తంభాల అవతల నుంచి ఒక మగ గొంతు మా ఆయనను పేరు పెట్టి పిలిచింది.

"రాజిగా, బండి జరుపురా."

మన తెలుగు, మన దిక్కు మాట. అప్పుడే నిద్ర లేచినట్టున్న గొంతు. నేను చెవులారా విన్నాను. తెల్లాయన కూడా చెప్పేది ఆపి అటు తిరిగి చూశాడు. ఎండ పడ్డ రాళ్లు తప్ప అక్కడ ఏమీ లేదు. పాపను ఎత్తుకున్న సుజాత మాత్రం తనకు ఏమీ వినబడలేదంటుంది.

మనిషి కనబడకుండా పిలుపు వస్తే మూడోసారికి గాని పలకొద్దని మా అవ్వ చెప్పేది. నమ్మనిదాన్ని, అయినా నా చెయ్యి మా ఆయన నోటి మీదికి పోయింది. అందలేదు.

"ఆ, జరుపుతున్ననే అన్నా," అన్నాడు. కొంచెం ముందుకు నడిచి నిలబడ్డాడు.

ఆ తర్వాత ఇప్పటిదాకా ఆయన నోట మాట లేదు.

మొదట పరాచికమనుకున్నాను. ఇల్లు చేరేదాకా తిట్టాను. మరునాడు భయమేసింది. అక్కడి డాక్టర్లు చూశారు, ఇక్కడికి వచ్చాక నిజామాబాద్‌లో చూశారు. గొంతు బాగుంది, నాలుక బాగుంది, తల ఫోటోలో ఏమీ లేదన్నారు. మనసు డాక్టరుకు చూపించాము. నమ్మకం లేకుండానే తాయెత్తు కట్టించాను. ఆయనకు చదువు రాదు. నేర్పుదామని పలక ముందు పెడితే పక్కకు నెట్టాడు.

తింటాడు, పొలం పోతాడు, నవ్వాల్సిన చోట నవ్వుతాడు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మాత్రం లేచి కొంచెం ముందుకు జరిగి నిలబడతాడు. "యాడికయ్యా జరుగుతున్నవ్?" అంటే నా మొహం చూస్తాడు. పెదవులు కదులుతాయి. చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెడతాను. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు. ఆయన ముందు ఇంకా ఎన్ని బండ్లున్నాయో నాకు కనబడదు.

ఆ గొంతు ఏమిటో, ఏడు సముద్రాల అవతలికి ఎట్లా వచ్చిందో నేను చెప్పలేను. ఆ రోజు ఆ స్తంభాల కింద ఉన్నది సుజాత, ఆమె పాప ఆద్య, ఊరు చూపించిన పీటర్ అనే పెద్దాయన, సాయవ్వ అనే నేను, మా ఆయన రాజన్న. పిలిచినవాడి పేరు ఒక్క రాజన్నకే తెలుసు.