కొంగు చాటు మాట

మా పక్క పోర్షన్ సత్తమ్మ నోరు విప్పితే ముత్యాలు రాలతాయన్నట్టు ఉండేది. నాచారంలో ఒక మందుల కంపెనీలో సీసాలకు లేబుళ్లు అంటించే పని. భర్త బిక్షపతి లారీ ఎక్కాడంటే మళ్లీ ఎప్పుడు దిగుతాడో అతనికే తెలీదు. అలా నోరు విప్పని సత్తమ్మకు దేవుడు పొద్దస్తమానం మాట్లాడే పని పెట్టాడు. ఆయన తెలివికి దణ్ణం పెట్టాలి.

కూతురు కావ్యకు పుట్టుచెవుడు. 2009లో సర్కారు పథకం కింద ఆపరేషన్ చేసి చెవి వెనక మిషన్ అమర్చారు. మెదడు స్కానింగ్‌లో తెల్ల మచ్చలున్నాయని డాక్టరు ముందే చెప్పాడు. చెవి పనిచేసినా అక్కణ్ణించి మెదడుకు పోయే దారులు బాగా లేవనీ, చప్పుడు వినబడొచ్చుగానీ మాట సంగతి చెప్పలేమనీ అన్నాడు.

ఉప్పల్లో మాటలు నేర్పే కమలకుమారి టీచరు సత్తమ్మకు ఒక పద్ధతి చెప్పింది. ఇంట్లో ఏ పని చేసినా పైకి చెబుతూ చెయ్యాలి. తల్లి పెదవుల కదలిక చూసి పిల్ల మాట పట్టెయ్యకుండా, చెవితోనే వినేలా నోటికి ఏదైనా అడ్డం పెట్టుకోవాలి. సత్తమ్మ కంపెనీ పని మానేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టింది.

"బియ్యం కడుగుతున్న బిడ్డా. నీళ్లు వంపుతున్న. గిప్పుడు పొయ్యి ముట్టిస్త."

రెండేళ్లు దాటాయి. గిన్నె కింద పడితే కావ్య ఉలిక్కిపడేది, అంతే. పిలిస్తే తిరిగేది కాదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని వీధిలో ఆడవాళ్లు నవ్వుకునేవారు. నాకు ఒళ్లు మండేది. ఊదేదాని ఊపిరి సంగతి ఒక్కతీ అడగదేం?

ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని సత్తమ్మ నాతో అంది. "సత్యవేణక్కా, అది మాట్లాడకున్నా ఫికర్ లేదు. నా మాట దానికి పోతున్నదా లేదా, గదొక్కటి తెలిస్తే సాలు. నోరు మూసుకున్ననాడు గూడ నేను గింత ఒంటరిగ లేను."



ఆ వానాకాలం సత్తమ్మకు జ్వరమొచ్చి గొంతు పూడిపోయింది. బిక్షపతి నాగపూర్ దారిలో ఉన్నాడు. నేను జావ పట్టుకెళ్లేసరికి ఇల్లు చడీచప్పుడు లేకుండా ఉంది. సత్తమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. పక్కన కావ్య నిలకడ లేకుండా కదులుతోంది. చెవి మిషన్ తీసి చూసింది. మళ్లీ పెట్టుకుంది. వేలితో తట్టింది. మిషన్ చెడిపోయిందనుకుందని నాకు అప్పుడు తట్టింది.

కాసేపటికి పిల్ల లేచి మంచం అవతలికి వెళ్లింది. తల్లి కొంగు అంచు పట్టుకుని ఆమె నోటికి అడ్డంగా పెట్టింది. పెట్టి, తల కాస్త వంచి, అలాగే నిలబడింది.

సత్తమ్మ మెడ తిప్పి నావైపు చూసింది. కళ్లు నిండిపోయాయి. ఆ పూడిన గొంతుతోనే, "జరమొచ్చింది బిడ్డా," అంది.

కావ్య కదలడం మానేసింది. తల్లి ఆగినప్పుడల్లా కొంగు మళ్లీ నోటి మీదికి జరిపింది. నేను తెచ్చిన జావ చల్లారిపోయేదాకా సత్తమ్మ మాట్లాడుతూనే ఉంది.