మస్తాన్ భాయ్ మూసిన తలుపు

ముందు పోయినవన్నీ లెక్క చెప్తాను. నాకు మాటల కంటే అంకెలు సులువు.

పన్నెండు పాలెట్లు, అంటే చెక్క పలకల మీద పేర్చిన పన్నెండు దొంతర్లు. ఒక్కో దొంతరలో తొంభై ఆరు పెట్టెలు. మొత్తం వెయ్యి నూట యాభై రెండు పెట్టెల బీన్స్. పెట్టెకు నాలుగు కిలోల చొప్పున నాలుగు వేల ఆరు వందల ఎనిమిది కిలోలు. పెట్టెకు ఇరవై ప్యాకెట్లు కాబట్టి, బ్రిటన్‌లో ఇరవై మూడు వేల నలభై ప్యాకెట్లు ఎవరి వంటింటికీ చేరలేదు. ఒక మనిషి తొమ్మిది చలికాలాలు నిలబెట్టుకున్న మంచిపేరు. ఆ మనిషి కొలువు. ఇంతవరకు కూడగలను. దాని తర్వాత పోయింది ఇంకొకటి ఉంది. దాన్ని దేనితో కొలవాలో ఇన్నేళ్లుగా నాకు తేలలేదు.

ఈ లెక్క ఇంతవరకు ఎవరికీ చూపలేదు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఒమాన్‌లో రుస్తాఖ్ దగ్గర ఒక తోట. చలికాలమంతా అక్కడ బీన్స్ పండేవి. కోసి, చల్లబరిచి, ప్యాకెట్లు చేసి విమానంలో బ్రిటన్ పంపేవాళ్లం. నేను చదివింది ఏడో తరగతి. జగిత్యాల దగ్గరి ఊరు నుంచి కూలి పనికి వచ్చి, ఆ తోటలో షెడ్డు కట్టే సైట్‌లో సిమెంటు మోశాను. శాతాలు, సగటులు నాకెవరూ నేర్పలేదు. బస్తాలు లెక్కపెడుతూ, పాత క్యాలెండర్ల వెనక కూడుతూ తీసేస్తూ నేర్చుకున్నాను. తోట యజమాని, మేమంతా అర్బాబ్ అని పిలిచే పెద్దాయన, అది చూసి షెడ్డు పూర్తయ్యాక నన్ను అందులోనే లెక్కలకు పెట్టుకున్నాడు.

నాకు పని నేర్పింది మస్తాన్ భాయ్. కడప ఆయన, నాకంటే ఆరేళ్లు పెద్ద. చల్లగది బాధ్యత మా ఇద్దరిదీ: తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా నేను, పన్నెండు నుంచి ఆయన.

ఆ రోజులు తలుచుకుంటే ముందు వాసనే వస్తుంది. మంచు తడి ఆరని కాయల పచ్చి వాసన. షెడ్డు వెనక ఎండిన నిమ్మకాయలు వేసి ఆయన కాచే టీ వాసన. నేను కాగితం మీద తల వంచుకుని ఉంటే వెనకనుంచి వచ్చి, నా చెవి పక్కన ఒక కాయ విరిచేవాడు. టక్ మనేది. తాజా కాయకు ఆ చప్పుడు ఉండాలి. "నీ అంకెలు పక్కన పెట్టి దీన్ని ఇను, లెక్కల సామీ" అనేవాడు. నా పేరు అక్కడ చాలామందికి తెలియదు. ఆయన పెట్టిన ఆ పేరే తెలుసు.

బ్రిటన్ వాళ్లకు కాయ నిటారుగా ఉండాలి. వంకర తిరిగితే పక్కన పడేయాలి. ఆ వంకర కాయలన్నీ శుక్రవారం మా రూమ్‌కు వచ్చేవి. శనక్కాయల పొడి, ఎర్రకారం వేసి ఆయన చేసే కూరకు పక్క రూమ్‌ల బంగ్లాదేశ్ వాళ్లు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. "దొరలకు నిటారు కాయలు, మనకు రుచి" అని వడ్డించేవాడు. అంత రుచి నేను మళ్లీ ఎక్కడా తినలేదు. తిని ఉన్నా ఒప్పుకోను.

ఇక అసలు సంగతి. రెండు గంటలకోసారి చల్లగది ఎంత చల్లగా ఉందో చూసి కాగితంలో రాయాలి. ఆరు డిగ్రీలకు అటూ ఇటూ ఉండాలి. అంకె చూపే డబ్బా షెడ్డు వెనక గోడ మీద ఉంది. నా బల్ల నుంచి నూట నలభై అడుగులు. పోయి రావడం రెండు వందల ఎనభై. మొదటి నాలుగు చలికాలాలు ప్రతిసారీ నడిచాను. ఆ అంకె ఎప్పుడూ ఐదు పాయింట్ ఏడుకు తగ్గలేదు, ఆరు పాయింట్ మూడు దాటలేదు. ఐదో చలికాలం నడవడం మానేశాను. లోపలి ఫ్యాన్ల చప్పుడు వినేవాణ్ణి, రాసేవాణ్ణి. ఆరు పాయింట్ ఒకటి. ఐదు పాయింట్ తొమ్మిది. అన్నీ ఒకేలా రాస్తే దొంగ అంకెలని తెలిసిపోతుంది. నిజమైన అంకె కొంచెం కదులుతుంది. ఎంత కదలాలో నాకు తెలుసు. తనిఖీకి వచ్చిన ఒకాయన నా కాగితాలు చూసి భుజం తట్టాడు. సిగ్గుపడ్డానా? లేదు. గర్వపడ్డాను. చూడకుండానే చెప్పగలనని గర్వం.

బ్రిటన్‌లో కూరగాయలు దొరకని చలికాలం అది. స్పెయిన్‌లో, మొరాకోలో చలికి పంట పోయింది. తుఫానులకు ఓడలు ఆగాయి. కరెంటు ఖర్చు భరించలేక అక్కడి రైతులు గాజు ఇళ్లలో సాగు తగ్గించుకున్నారు. సూపర్‌మార్కెట్లలో మనిషికి మూడే టమాటాలు అని బోర్డు పెట్టిన ఫోటోలు మా ఫోన్లలోకి కూడా వచ్చాయి. మా తోటకు ఆర్డరు రెండింతలైంది. షెడ్డంతా ఒకటే పండగ.

ఆ పన్నెండు పాలెట్లు పంపాల్సిన రోజు పొద్దున ఆరింటికి, షెడ్డు వెనకనుంచి వస్తూ డబ్బా చూశాను. ఆరు పాయింట్ ఒకటి. అది నిజమైన అంకె. ఏడు దాటాక షెడ్డులో లైట్లు ఒక్కసారి మినుకుమని మళ్లీ వెలిగాయి. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. నేను తల ఎత్తలేదు, పెట్టెలు లెక్కపెడుతున్నాను. ఎనిమిదికి ఐదు పాయింట్ తొమ్మిది. పదికి ఆరు పాయింట్ రెండు. పన్నెండుకు ఆరు. మూడూ కూర్చున్నచోటే రాశాను. ఎనిమిది వందల నలభై అడుగులు మిగుల్చుకున్నాను.

రెండింటికి మస్తాన్ భాయ్ నడిచి వెళ్లి చూశాడు. పద్నాలుగు పాయింట్ ఆరు. ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాడు. వెనక గాలిని చల్లబరిచే మెషిన్ స్విచ్ పడిపోయి ఉంటే ఎత్తాడు, మేనేజర్‌కు చెప్పాడు. మేనేజర్ కాగితం చూశాడు. పన్నెండింటికి ఆరే కదా, రెండు గంటల వేడికి ఏమవుతుంది అని లారీ పంపేశాడు. రెండు గంటలు కాదు. పొద్దున లైట్లు మినుకుమన్నప్పటి నుంచి ఏడు గంటలు. అది తెలిసిన ఒక్కణ్ణి, నా వేళ అయిపోయినా లోడింగ్ కోసం ఆగి అక్కడే నిలబడి ఉన్నాను. లారీ గేటు దాటేదాకా నోరు తెరవడానికి సమయం ఉంది. తెరవలేదు.

చెమట పట్టిన కాయలు మళ్లీ చల్లబడి, ప్యాకెట్లలో తడికి మచ్చలు పడి కుళ్లాయి. అక్కడివాళ్లు మొత్తం పారేసి, మా కాగితాలు అడిగారు. కాగితంలో ఆరు, ఆరు, ఆరు, తర్వాత పద్నాలుగు. స్విచ్ పడితే రెండు గంటల్లో అంత ఎక్కదు, తలుపు తెరిచి వదిలేసి ఉంటారు అన్నాడు మేనేజర్. నా అబద్ధపు అంకెల పక్కన మస్తాన్ భాయ్ నిజమైన అంకె తప్పులా కనిపించింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం రూమ్‌లో అన్నాలు తిన్నాక ఆయన నా మంచం మీద వచ్చి కూర్చున్నాడు.

"నువ్వు లెక్క ఏసి చెప్పు సామీ. పన్నెండుకు ఆరు. రెండుకు పద్నాలుగున్నర. తలుపు ఎంతసేపు తెరిచిపెట్టింటే అంత ఎక్కుతుంది?"

"ఎందుకు భాయ్ గిప్పుడు?"

"రెండు మాట్లే తెరిచినా నేను. రెండు మాట్లూ మూసినట్టే ఉండాది నాకు. ఏడనో తప్పింటాది. ఏడనో తెలిస్తే సాలు."

చెప్పాల్సిన క్షణం అదే. ఆయనే వచ్చి నా ముందు పెట్టాడు. నేను పెన్సిలు తీశాను. బయటి వేడి, గది పొడవు, వెడల్పు, ఎత్తు, తోట నుంచి అప్పుడే వచ్చిన కాయల బరువు, అన్నీ వేసి నిజంగానే లెక్క చేశాను. మంచి లెక్క. ఈ రోజుకీ అందులో తప్పు పట్టలేను. మొదటి అంకె, పన్నెండింటి ఆరు, అదొక్కటే అబద్ధం.

"నలభై నిమిషాలు తెరిచి ఉంటే ఎక్కుతది" అన్నాను.

"నలభై నిమిషాలా? అంతసేపు యాడికి పోయింటి నేను?"

"యాదికి లేదేమో భాయ్. లోడింగ్ గడిబిడిల మర్సిపోయినవేమో."

ఆయన కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"నువ్వు ఏసినావంటే అంతేలే సామీ. నీ లెక్క తప్పదు."

మర్నాడు తనే మేనేజర్ దగ్గరికి వెళ్లి, తలుపు వదిలేసింది నేనే అని చెప్పి సంతకం పెట్టాడు. వీసా రద్దు చేసి పంపేశారు. కారెక్కే ముందు జేబులోంచి ఒక కాయ తీసి నా చెవి పక్కన విరిచాడు. టక్ మంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఎందుకు చెప్పలేదు? నా కొలువు పోతుందని. కొంతవరకు అదే. కానీ నన్ను నేను గట్టిగా అడిగితే ఇంకో జవాబు వస్తుంది. చూడకుండా చెప్పగలవాడు అన్న పేరు పోతుందని. బడి చదువు లేనివాడికి ఆ పేరొక్కటే ఉంది. అంతమాత్రాన ఇంకొకడి పేరు తీసుకోవచ్చా? తీసుకున్నాను.

బ్రిటన్ కొరతకు కారణాలని వార్తల్లో వచ్చినవన్నీ చదివాను. మంచు, తుఫాను, కరెంటు. అన్నీ నిజాలే. అంత పెద్ద దేశానికి మా పన్నెండు పాలెట్లు ఎంత? లెక్కకు రానంత. ఆ మాటతో చాలా ఏళ్లు నన్ను నేను ఓదార్చుకున్నాను. కానీ ఒక ఊళ్లో ఒక షాపులో ఒక అర ఖాళీగా ఉండటానికి కారణం వాతావరణం కాదు. ఆ కారణం ఇక్కడ కూర్చుని మీకు రాస్తోంది.

ఇప్పుడా తోటలో బీన్స్ వేయడం లేదు. చల్లగదిలో ఉల్లిగడ్డలు ఉన్నాయట. నేను ఒమాన్‌లోనే, దార్సైట్‌లో ఒక కూరగాయల గోదాములో లెక్కలు చూస్తున్నాను. ఇప్పుడు ప్రతి అంకెనూ నడిచి వెళ్లి కళ్లతో చూసి రాస్తాను. దానివల్ల ఆ రోజు రాసిన మూడూ మారవు.

మస్తాన్ భాయ్ ప్రతి రంజాన్‌కూ ఫోన్ చేస్తాడు. ఊళ్లో టీ కొట్టు. పక్క ఊళ్లో పండ్లకు చల్లగది కట్టి, అనుభవం ఉందని పనికి పిలిచారట. పోలేదు. "తలుపు మర్సిపోయే మనిషిని నాకెందుకబ్బా ఆ పని" అని నవ్వాడు. ఇంట్లో తలుపు వేసి పడుకున్నాక కూడా లేచి చూసుకుంటాడట. భార్య ఎగతాళి చేస్తుందట. "నలభై నిమిషాల మొగుడు" అంటుందట.

మొదట కొలత తెలియదన్నది దీన్నే. తలుపు మూశానని ఒక మనిషికి తన మీద ఉన్న నమ్మకం. ఆయన మూశాడు. రెండుసార్లూ మూశాడు. ఈ మాట నేను రాయడం ఇదే మొదలు. రాశాక చెయ్యి కొంచెం తేలికైంది. అంతే, ఇంకేమీ మారలేదు. ఈ కాగితం ఆయన చదవడు. ఫోన్‌లో ఆయన పేరు ఉంది. నొక్కాలి. ఇంకా నొక్కలేదు.

తలుపు తెరిచి ఉన్న సమయం, నా లెక్కలో: నలభై నిమిషాలు. నిజంలో: సున్నా. ఆయనకు నేను తిరిగి ఇవ్వాల్సింది, ఈ రోజుకి: నలభై నిమిషాలు.