కొండకు కప్పిన శాలువా

ఎనభైల మొదట్లో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, ఉగాది సభకొచ్చిన రెండు వందల మంది ముందు నా పరువు నేనే తీసుకున్నాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మా తెలుగు సంఘం అధ్యక్షులు మోకాళ్ల డాక్టరు. ఆయన పేషెంటైన ఒక పేరున్న క్వార్టర్‌బ్యాక్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతి విసిరే నాయకుడు, అప్పుడే రిటైరయ్యాడు. ఆయనకు సన్మానం. సరిగ్గా సభ వేళకి డాక్టరుగారి ఫోను.

"హాస్పిటల్లో లేటవుతుందోయ్. ఆయనా, ఆయన ఫ్రెండూ వస్తారు. శాలువా కప్పెయ్. కొత్త సెక్రటరీవి, సంఘం పరువు నీ చేతుల్లో ఉంది!"

కాలితో తన్నని ఆటకు ఫుట్‌బాల్ అని పేరేమిటని అలిగి నేనొక్క ఆటా చూడలేదు. ఇద్దరూ వచ్చారు. ఒకాయన సన్నగా, కుంటుతూ, బ్యాంకు గుమాస్తాలా ఉన్నాడు. రెండో ఆయన పక్కకి తిరిగితే గానీ గుమ్మంలో పట్టలేదు. మోకాళ్ల డాక్టరు పేషెంటు కుంటుతాడన్న ఇంగితమైనా లేకుండా, ఆ పర్వతాన్నే వేదికెక్కించాను.

"సర్, నేను కాదు. అతనికి చెయ్యండి."

"ఆహా, ఎంత వినయం!" అన్నాను మైకులో. మనవాళ్లూ అంతేగా? "అయ్యో, నాకెందుకండీ" అననివాడు సన్మానానికి పనికిరాడు.

"విలువిద్యలో అర్జునుడు, బంతివిద్యలో తమరు" అని సన్మానపత్రం ఇంగ్లీషులో చదివాను.

"ప్లీజ్, నేనెప్పుడూ బంతి విసరలేదు!"

ముందు వరుసలోంచి మా ఆవిడ: "ఏమండీ, ఆయన వద్దంటున్నాడు కదా!"

"రెండుసార్లేగా అన్నాడు!" అని కప్పేశాను. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లున్నారు గానీ, కొండకు శాలువా కప్పినవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పుడొచ్చారు డాక్టరుగారు. "ఓరి నాయనో! ఆ సన్నాయనయ్యా!"

సిగ్గుతో చచ్చిపోయాను. ఉన్నది ఒక్కటే శాలువా. వెనక్కి లాగబోతుంటే సన్నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉంచండి. పన్నెండేళ్లు నేను బంతి విసిరానంటే, నా మీదికొచ్చే వాళ్లని ఇతను ఆపబట్టే. చప్పట్లన్నీ నాకే వచ్చాయి. ఇతన్ని స్టేజీ ఎక్కించింది మీరే."

పర్వతం కళ్లు తుడుచుకుంది. మా దగ్గర మూడుసార్లు వద్దంటేనే వద్దన్నట్టని చెప్పి, ఇద్దరికీ క్షమాపణ చెప్పుకున్నాను.

బుద్ధొచ్చింది కదా, భోజనాల దగ్గర ఆ పర్వతంలాంటాయన "పులిహోర చాలు" అనగానే గరిటె వెనక్కి తీసేశాను. ఆయన శాలువా సర్దుకుని నావైపు దీనంగా చూశాడు.

"సర్, నేనింకా ఒక్కసారే అన్నాను."

కాబట్టి ఉగాది పచ్చడి మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక జన్మలో పేరడగకుండా ఎవరికీ శాలువా కప్పను. పులిహోర మాత్రం అడక్కుండానే వడ్డిస్తాను.