ముల్లంగి ఇవ్వనన్న సింహాచలం

ఈ రోజు పొద్దున పాతపట్నం బజార్లో సాంబారుకని ముల్లంగి కొనడానికి ఆగాను. అక్కడ కూరగాయలమ్మే సింహాచలం నాకు చాలా ఏళ్లుగా తెలుసు. నాకంటే ముందొచ్చిన ఒక పెద్దావిడ ఆకులు బాగా ఉన్న కట్టలు నాలుగు ఏరి పెట్టుకుంది. ఆకు రసం తీసి రోజూ పరగడుపున భర్తకు పోస్తానంది.

"ఎందుకప్పా, కిడ్నీలో రాయా?" అని సింహాచలం అడిగింది.

"రాయి కాదమ్మా. కిడ్నీలే పాడైనాయంట. కాళ్లు పొంగిపోతన్నాయి. ఈ రసం తాగితే తగ్గిపోతాదని మా ఊర్లో సెప్పినారు."

సింహాచలం ఆ కట్టలు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"రాయికైతే మా అమ్మ కూడా ఇచ్చేది. దీనికి నేనియ్యను. మా ఆయనకి నేనూ ఇలాగే రెండు నెలలు పోసినాను. ఆస్పత్రికి ఎల్లేసరికి ఆలస్యమైపోయినాది. ముందు డాక్టర్ని అడుగు."

పెద్దావిడకి కళ్లనీళ్లొచ్చాయి. "ఇంట్లో ఊరికే కూకోలేక ఏదో ఒకటి సేద్దామని వచ్చినానమ్మా" అంది.

సింహాచలం ఆవిడను పక్కన గోనె మీద కూర్చోబెట్టి టీ తెప్పించింది. "రేపు నేనూ వస్తాను, ఆయన్ని తీసుకుని ఆస్పత్రికి ఎల్దాం" అంది. రేపు సంత. వారం మొత్తంలో ఆమెకు బేరాలు బాగా సాగేది ఆ ఒక్కరోజే.

దగ్గుకీ, మొలలకీ, కామెర్లకీ ముల్లంగి మంచిదని నేను ఎంతమందికి చెప్పుంటానో లెక్కలేదు. డాక్టరుకి చూపించారా అని మాత్రం ఒక్కరినీ అడగలేదు. మీరు అడుగుతారా?