కొత్త కుండలో వచ్చిన నీళ్లు

మొన్న సత్తుపల్లిలో క్షవరం చేయించుకుంటుంటే, పక్క కుర్చీలో ఉన్నాయన తలకు వేయడానికి దుకాణదారు రంగు గొట్టం మూత తీశాడు. అమ్మోనియా ఘాటు గుప్పుమని ముక్కుకెక్కింది. నా కళ్లు చెమర్చడం చూసి, "పడదా పెద్దాయనా? ఫ్యాన్ పెట్టాల్నా?" అన్నాడు. "వద్దులే, గీ వాసనలనే ముప్ఫై ఏండ్లు నౌకరి చేసిన" అన్నాను. అతను నవ్వి తన పనిలో పడ్డాడు. నేను మాత్రం ఖమ్మంలో మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుకు వెళ్లిపోయాను. గాజు బీకరు మీదికి వంగి, "ఒక్కో చుక్కే నర్సయ్యగారూ, ఒక్కో చుక్కే" అంటున్న వసుంధర మేడమ్ గొంతు వినిపించింది.

మేడమ్ అక్కడ లెక్చరర్, నేను ల్యాబ్ అసిస్టెంటును. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లి పక్కన భూములు కొనుక్కున్న రైతు కుటుంబం వాళ్లది. వయసులో నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. కాలేజీలో నా పేరుకు 'గారు' చేర్చింది ఆమె ఒక్కరే. అలాగని పని దగ్గర ఊరుకునే మనిషి కాదు. సీసా మీద చీటీ లేకపోతే, లోపల ఏముందో ఇద్దరికీ తెలిసినా సరే, పారబోయించేవారు. నాకు చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు. ఏ బస్సెక్కాను, ఎక్కడ వాన తగిలింది, ఎవరింట్లో చాయ్ తాగాను, అన్నీ రాస్తాను. "నర్సన్న ఈగ వాలినా రాస్తడు" అని తోటివాళ్లు ఎక్కిరించేవాళ్లు. మేడమ్ ఒకసారి ఆ డైరీ చూసి నవ్వలేదు. "ఈ అలవాటు ల్యాబుకు కావాలండీ. రేపటి నుంచి ల్యాబు పుస్తకం కూడా మీరే రాయండి" అన్నారు. నౌకరిలో నాకు దొరికిన మొదటి గౌరవం అదే.

ఏన్కూరు అవతల అడవి అంచున ఒక గూడెం ఉంది. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు, నడివయసు వాళ్లకే వంగని మోకాళ్లు. తాగే నీళ్ల కోసం ఆడవాళ్లు పొద్దున్నే వాగుకు నడిచి, ఇసుకలో గుంట తీసి, ఆ చెలమలో ఊరిన నీళ్లు ముంతతో తోడుకునేవాళ్లు. ఎండాకాలం ఒక బిందె నిండాలంటే గంట పట్టేది. మేడమ్ మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు గూడెం వెనక గుట్ట మీద నల్లగా, ఎర్రగా ఉన్న ఇనపరాయిని చేత్తో ఎత్తి చూశారు. "మందు గుట్ట మీదే ఉంది, మనం నూరుకోవాలంతే" అన్నారు.

నూరడం నా పని. రాయిని దంచి, గుడ్డతో జల్లించి, ఆమ్లంలో కరిగించి వడకట్టేవాణ్ణి. ఆ ద్రావణంలో మూడో వంతు వేరే తీసి ఇనపరజను వేస్తే పసుపు రంగు పోయి లేత ఆకుపచ్చ వచ్చేది. రెండూ కలిపి, వెచ్చబెట్టి, అమ్మోనియా చుక్కలు వేస్తూ కలియబెట్టాలి. తొందరపడితే ముద్ద కడుతుంది. ఓపిక పడితే చూస్తుండగానే కాటుకలా నల్లబడుతుంది. అందులోని ఒక్కో రేణువు మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదని, అంత సన్నం కాబట్టే ఫ్లోరైడు అతుక్కోవడానికి బోలెడంత చోటు దొరుకుతుందని మేడమ్ చెప్పారు. పాత మైకు సెట్టులోంచి తీసిన అయస్కాంతం బీకరుకు ఆనించగానే, నలుపంతా ఒక పక్కకు పరుగెత్తి నీళ్లు తేటపడ్డాయి. "ఆ గుట్ట రాయేనా మేడమ్ ఇది?" అన్నాను. "గుట్ట రాయీ, మీ రెక్కల కష్టమూ" అన్నారు.

ఆ ఎండాకాలం గూడెం నీళ్లలో పొడి వేసి పరీక్షిస్తే ఫ్లోరైడు తాగదగ్గ హద్దులోకి దిగింది. ల్యాబులో పండుగ. సోమవారం గూడేనికి వెళ్లి, అందరి ముందు చెప్పి, బోరు దగ్గర నీళ్లకు ఈ పొడి కలిపే డ్రమ్ము పెట్టాలని నిర్ణయం అయింది. శనివారం నేను పుస్తకంలో లెక్కలు శుభ్రంగా ఎత్తి రాస్తూ నా డైరీ తెరిచాను. అందులో నా చేతిరాతే ఇలా ఉంది: 'నీళ్లు ముత్తమ్మ ఇచ్చింది. కొత్త కుండలో.'

ముత్తమ్మ గూడెంలో పెద్ద మనిషి. మేడమ్ నాకిచ్చి పంపింది ప్లాస్టిక్ డబ్బా. ముత్తమ్మ దాన్ని పక్కకు నెట్టి, "మేడమ్ కాడికి పోయే నీళ్లు డబ్బల పోస్తనా? మా ఇంట్ల మర్యాద లేదనుకున్నవా?" అని, సంతలో కొన్న కుండను కడిగి, బోరు నీళ్లు నింపి, మూతికి గుడ్డ కట్టి ఇచ్చింది. కాదనలేక బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. పొడి వేయకముందు లెక్క అంతకుముందు డబ్బాలో తెచ్చిన నీళ్లది. వేశాక లెక్క కుండ నీళ్లది. కొత్త మట్టి ఫ్లోరైడును కొంత పీల్చుకుంటుందని మేడమ్ పాఠం చెబుతుంటే నేనే విన్నాను.

కలం మూసి, డైరీ పట్టుకుని లేచాను. మేడమ్ దగ్గరికి వెళ్లి చెప్పాను. "మేడమ్, ఆ నీళ్లు కుండల వచ్చినయ్."

"ఏ కుండ?"

"కొత్త మట్టికుండ. పరీక్ష అయ్యేదాకా మూడు దినాలు అండ్లనే ఉన్నయ్."

ఆమె లేచి, కుండలో మిగిలిన నీళ్లను పొడి వేయకుండానే పరీక్షించారు. ఫ్లోరైడు అప్పటికే సగానికి పడిపోయి ఉంది. "సగం పని ముత్తమ్మ చేస్తే పేరు మనం కొట్టేశామన్నమాట" అన్నారు. నాకు నవ్వు రాలేదు. "తప్పు నాదే" అన్నాను. "మీదే. కాదనను. కుండ అని రాసిందీ మీరే, వచ్చి చెప్పిందీ మీరే. అదీ కాదనను. సోమవారం మనం బాగుందంటే మంగళవారం నుంచి వాళ్లు చెలమకు పోవడం మానేస్తారు. ఆ పిల్లలు ఈ బోరు నీళ్లే తాగుతారు. అది జరగకూడదు" అన్నారు.

సోమవారం గూడెంలో బడి వరండా నిండా జనం. మేడమ్ నిలబడి, "మా లెక్క తప్పిందమ్మా. డ్రమ్ము ఇప్పుడే పెట్టడం లేదు. చెలమ నీళ్లే తాగండి" అన్నారు. నేను లేచి, కొత్త కుండే సగం ఫ్లోరైడు పీల్చేసిందని, అందులో నీళ్లు తెచ్చిన తప్పు ల్యాబుది కాదు, నాదని చెప్పాను. వెనక నుంచి ఒకామె, "ఇంకెన్నొద్దులు నడవాలె? నా నడుము పోతాంది!" అని అరిచింది. "ఇంకో ఎండాకాలం. అబద్ధం చెప్పి నీళ్లు తాగించలేను తల్లీ" అన్నారు మేడమ్. అంతా గోల. ముత్తమ్మ నా వైపు తిరిగి, "కుండ ఇచ్చింది నేనైతే నువ్వెందుకయ్యా మొకం గట్ల పెట్టినవ్? మేడమ్, నీ మందు కంటే నా కుండ గట్టిదన్నట్టేగా?" అంది. కోపంగా అరిచినామె కూడా నవ్వేసింది.

తర్వాతి ఏడాది మేడమ్ అంతా మొదటి నుంచి చేయించారు. ముందు లెక్కకూ తర్వాతి లెక్కకూ ఒకే డబ్బా నీళ్లు, ప్రతి పరీక్షా మూడుసార్లు. పొడి పాళ్లు పెంచాం, అమ్మోనియా మిగలకుండా, లిట్మస్ కాగితం రంగు మారనిదాకా దాన్ని కడిగాం. ఈసారి ఫ్లోరైడు నిజంగానే హద్దులోకి దిగింది. రాసిన నివేదికలో మొదటి పట్టిక మా తప్పుడు లెక్కే. దాని కింద కుండ సంగతి, ఆ తప్పు పట్టుకున్న మనిషిగా నా పేరు. పదో తరగతి దాటని నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు.

డ్రమ్ము పెట్టిన రోజు మేడమ్ లెక్క చదివి వినిపించారు. ముత్తమ్మ గ్లాసు పట్టుకుని ముందుకొచ్చింది, కానీ నీళ్లు పట్టనివ్వలేదు. నన్ను పిలిచింది.

"నర్సయ్యా, గీ లెక్క నువ్వే రాసినవా?"

"అవ్, నేనే రాసిన."

"ఈసారి డబ్బలనే తెచ్చినవా?"

"డబ్బలనే."

"అయితే పొయ్యి" అని గ్లాసు చాపింది. మేడమ్ నా వైపు చూసి, పక్కకు జరిగి, ఆ గ్లాసు నింపే పని నాకే వదిలేశారు.

మేడమ్ పోయి నాలుగేళ్లయింది. నేను రిటైరై ఇంకా ఎక్కువే అయింది. డైరీ మానలేదు. ఇప్పుడు రాసేవి చిన్న సంగతులే. అయినా ఏదైనా మాట దాటేద్దామనిపించినప్పుడు, నేను రాసింది నమ్మి తాగడానికి ఒక మనిషి గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడిందనుకుంటాను. ఆ మాట కూడా రాసేస్తాను.